అగ్రిమెంటు వెనుక వ్రాసిన గురువారం

ఆ రోజులలో మా ఇంటి గోడకు రెండు కాలమానాలు వ్రేలాడుతూ ఉండేవి. ఒకటి ఏటేటా ఉగాదికి ముందే మా తమ్ముడు తపాలాలో పంపే పంచాంగం. రెండవది వీధి చివర కిరాణా కొట్టువారు ఇచ్చిన క్యాలెండరు. అందులో శుక్రవారాలన్నీ ఎర్రసిరాతోను, తక్కిన ఆరు వారాలు నల్లసిరాతోను అచ్చయి ఉండేవి. బహ్రెయిన్‌లో సెలవు శుక్రవారం. ఆదివారం నాడు బడిగంట యథావిధిగా మ్రోగుతుంది. కూలీలను తీసుకొనిపోయే బస్సులు యథావిధిగా క్యాంపుల ముందు నిలుస్తాయి. ఈసా టౌన్‌లో ఒక బడిలో సంస్కృతం చెబుతూ, రిఫాలో ఒక చిన్న ఫ్లాటులో కాపురముంటూ, ఆ ఎర్ర శుక్రవారాలకు నేను ఎంతగా లోబడిపోయానో చాలాకాలం నాకే తెలియలేదు. తెలిసిన పూట మాత్రం బాగా జ్ఞాపకమున్నది.

శుక్రవారం ఉదయం మా ఇంటికి తెలుగువారు నలుగురైదుగురు వచ్చేవారు. ఒకరికి ఇంటికి ఉత్తరం కావాలి, మరొకరికి బిడ్డకు పేరు పెట్టేందుకు మంచిరోజు కావాలి. పంచాంగం చూడడం నాకు వృత్తి కాదు; మా తండ్రిగారి దగ్గర కావ్యాలతోపాటు అబ్బిన విద్య. అడిగినవారికి కాదనకుండా చెప్పేవాణ్ణి. చెప్పినందుకు కొంత గర్వించేవాణ్ణి కూడా. ఆ గర్వమే ఈ కథకు మూలం.

ఆ వచ్చేవారిలో ఒకామె మా సందులోనే ఒక విల్లాలో వంటా ఇంటిపనీ చేసేది. గోదావరి కాలువగట్టు మీది పల్లె ఆమెది. భర్త పోయిన తరువాత ఇద్దరు పిల్లలను అక్కగారి దగ్గర ఉంచి వచ్చింది. గల్ఫుకు రాకముందు ఆరేళ్ళు ఒక పెంకుటింటి వెనుకగదిలో అద్దెకున్నది. ఆ ఇంటిని గురించి ఆమె చెప్పగా చెప్పగా మా దంపతులకు కూడా అది చూసిన ఇల్లే అయిపోయింది: రెండు గదులు, వెనుక చేతిపంపు, ముందు వీధి వైపు ఎత్తయిన అరుగు. అద్దెవాళ్ళు ఆ అరుగు మీద కూర్చోరాదు. సాయంకాలం గాలికి ఎప్పుడైనా కూర్చుంటే ఇంటి పెద్దావిడ వచ్చి, "లెగండమ్మా, మావోళ్ళు వత్తారు" అనేదట. కోపంగా కాదు, మామూలుగా అనేదట. అదే ఆమెకు మనసులో నిలిచిపోయింది.

ఆ పెద్దావిడ కాలం చేసింది. ఆమె కుమారుడు, ఇప్పటి యజమాని, బుదైయాలో ఒక ఖర్జూరపు తోటలో పనిచేసేవాడు. ఒకే ఊరివారు కావడంచేత అతడు ఈమెను అక్కా అనేవాడు, ఈమె అతణ్ణి తమ్ముడూ అనేది. పిల్లల చదువులకని అతని కుటుంబం విశాఖపట్టణానికి మారడంతో ఇల్లు అమ్మదలచాడు. ఈమె కొంటానన్నది. అప్పటికే మా జిల్లాలలో రొయ్యల చెరువులు పెరిగి, ఒక చెరువుల ఆసామి ఆ ఇంటి మీద కన్నువేసి ఉన్నాడు. ఊళ్ళో ఉన్న యజమాని బావగారికి ఆ ఆసామి వైపే మొగ్గు. అందుచేత అగ్రిమెంటులో గడువు గట్టిగా వ్రాయవలసి వచ్చింది: ఫలానా తేదీన ఇరువురూ రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి రిజిస్ట్రేషను ముగించాలి, ఆ రోజు దాటితే ఈ కాగితం చెల్లదు.

ఆ ఫలానా తేదీని నిర్ణయించినవాణ్ణి నేనే. వైశాఖ శుద్ధ త్రయోదశి, భానువారం, హస్తా నక్షత్రం. ఆదివారం నాడు హస్త వస్తే అమృతసిద్ధి యోగమని శాస్త్రం. అటువంటి యోగం వారిద్దరూ సెలవు మీద ఊళ్ళో ఉండే రోజులలోనే పడినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతంత కాదు. ఊరినుంచి తెప్పించిన స్టాంపుకాగితం మీద నా దస్తూరితోనే అగ్రిమెంటు వ్రాశాను. యజమాని సంతకం చేశాడు. ఆమె వేలిముద్ర వేసింది. వేసి, ఆ సిరా పోయేదాకా బొటనవ్రేలిని పైటకొంగుతో చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నది. అది చూసిన నా భార్య తరువాతి శుక్రవారమే ఒక రూళ్ళ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"పేరు ఒక్కటీ నేర్చుకో. తక్కినవి నెమ్మదిగా చూద్దాం" అన్నది.

"నా పేరులో వంకరలెక్కువండి అమ్మగారూ. అదేదో చిన్న పేరు పెట్టుంటే పోయేది మా అమ్మ" అన్నది ఆమె.

రెండు నెలలు గడిచాయి. ప్రయాణానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఆ శుక్రవారం ఆమె మా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని తన పేరులోని మూడవ అక్షరంతో కుస్తీ పడుతూ ఉన్నది. ముందుగదిలో నేను ఒక మేస్త్రికి ఉత్తరం వ్రాస్తున్నాను. అతడు ఉత్తర తెలంగాణవాడు. ఒక కట్టడాల క్యాంపులో ఇరవైమందికి పెద్ద. యాభై ఏళ్ళు దాటినా కండ సడలని మనిషి. ఉత్తరం ముగించి, మాటల మధ్య, ఆమె ఇంటికి నేను పెట్టిన ముహూర్తాన్ని గురించి అతనికి సవిస్తరంగా వర్ణించాను. అమృతసిద్ధి యోగమంటే ఏమిటో చెప్పాను. అది ఎంత అరుదో చెప్పాను.

మేస్త్రి వ్రేళ్ళు మడిచి లెక్కవేసుకున్నాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. గా దినం ఐతారం అయితది గద."

"ఆదివారమే. ఆదివారం కనుకనే ఆ యోగం పట్టింది."

"యోగం మంచిదే సార్. గని ఐతారం నాడు రిజిస్ట్రాఫీసు ఎవడు తెరుస్తడు?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. నేను గోడవైపు చూశాను. పంచాంగంలో భానువారం అని ఉన్నది. క్యాలెండరులో ఆ తేదీ నల్లసిరాతో, నిర్దోషిలాగా ఉన్నది. ముప్ఫై ఏళ్ళపాటు స్వదేశంలో ప్రతి ఆదివారం సెలవు అనుభవించినవాణ్ణి, అమరమూ రఘువంశమూ కంఠస్థం చేసినవాణ్ణి, ఆదివారం సర్కారు ఆఫీసులకు తాళం వేస్తారన్న సంగతి మరచిపోయాను. నేనొక్కణ్ణే కాదు. కాగితం చదివి సంతకం చేసిన యజమాని మరచాడు, వేలిముద్ర వేసిన ఆమె మరచింది, సాక్షిసంతకం చేసిన నా భార్య కూడా మరచింది. మా అందరికీ శుక్రవారమే ఆదివారమైపోయి ఎన్నో ఏళ్ళయింది.

"దుబాయిల ఉంటే గట్లనే అయితది సార్. నేను నిరుడు ఇంటికి పోయి, శుక్రారం నాడు తానం చేసి కొత్తబట్టలు తొడుక్కొని కూసున్న. మా ఇంటామె, పొలం కాడికి పోవా, ఏం పండుగ అని అడిగింది" అన్నాడు మేస్త్రి, నన్ను ఓదార్చదలచి. అతనికి గల్ఫంతా దుబాయే.

ఆమె పుస్తకం పట్టుకొని ముందుగదిలోకి వచ్చింది. ఏడవలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకొని నిలబడింది.

"పంతులుగారండీ, సోమారం తెరుత్తారు కదండి?"

"తెరుస్తారమ్మా. కానీ నీవు ఊరు చేరేదే శనివారం రాత్రి; సెలవు ముగిసిన మీ తమ్ముడు సోమవారం తెల్లవారకముందే రైలెక్కాలి. మంగళవారం బొంబాయిలో అతని విమానం."

"ఆడు నాలుగు రోజులు ఆగితేనండి?"

"ఆగాలంటే అతని కఫీల్ ఒప్పుకోవాలి. తోట ఆయనది, వీసా ఆయనది."

ఆమె పెన్సిలును చెవి మీదినుంచి తీసి పుస్తకంలో పెట్టింది. తరువాత, "అయితే మరి ఆయన్నే అడగాలండి. నాకు మళ్ళీ సెలవు రెండేళ్ళకి గానీ రాదండి. అప్పటికి ఆ అరుగు మీద రొయ్యల మేత బస్తాలుంటాయండి" అన్నది.

నా భార్య వంటింటిలోనుంచి, "ముహూర్తం పెట్టినవారే వెళ్ళి అడిగితే బాగుంటుంది" అన్నది. ఆ మాట ఎవరిని ఉద్దేశించినదో అడగవలసిన అవసరం లేకపోయింది.

మధ్యాహ్నం నమాజు ముగిసిన తరువాత మేస్త్రి తన క్యాంపు పికప్ తెచ్చాడు. ఆమె, నేను, మేస్త్రి బుదైయాకు బయలుదేరాము. దారిపొడుగునా నేను మరొక ముహూర్తం కోసం పంచాంగం తిరగవేస్తూనే ఉన్నాను. సోమవారం చతుర్దశి, పనికిరాదు. మంగళవారం మంగళవారమే. బుధవారం పాడ్యమి, విశాఖ, అంత ప్రశస్తం కాదు. గురువారం విదియ, అనూరాధ. అది మిత్రనక్షత్రం, స్నేహంగా జరిగే పనులకు మేలైనది. అక్కడ వ్రేలు పెట్టి పుస్తకం మూశాను. మూసి, మళ్ళీ తెరచి, గురువారం అన్నది గురువారమేనా అని రెండుమార్లు సరిచూసుకున్నాను.

తోట పచ్చగా ఉన్నది. ఖర్జూరపు చెట్లకు గెలలు పచ్చిగా దిగివున్నాయి. ఇంటి యజమాని కాలువ దగ్గర చేతులు కడుక్కుంటూ మమ్మల్ని చూసి నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆగాడు. సంగతి విని తలపట్టుకున్నాడు.

"ఒరే తమ్ముడూ, చదువుకున్నోడివి, సంతకం పెట్టేముందు నువ్వైనా చూడొద్దా?" అన్నది ఆమె.

"పంతులుగారు రాసిన కాయితంలో తప్పుంటుందని ఎవడనుకుంటాడే అక్కా" అన్నాడు అతడు. నేను ఖర్జూరపు గెలలను పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాను.

"నువ్వు మనసు మార్చుకోవు కదా?" అని ఆమె సూటిగా అడిగింది.

"నేను మార్చుకోనే. మా బావ సంగతి చెప్పలేను. గడువు దాటిందంటే మర్నాడే ఆ ఆసామిని ఎంటబెట్టుకొచ్చి అరుగు మీద కూకోబెడతాడు."

అరుగు మాట విని ఆమె పైటకొంగు నడుముకు బిగించింది. "అయితే పద, మీ కఫీల్ దగ్గరికి" అన్నది.

కఫీల్ వృద్ధుడు. చెట్టునీడలో చాప మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని కూర్చోమని, చిన్నకప్పులలో కాఫీ ఇప్పించిన తరువాతగాని పని ఏమిటని అడగలేదు. ఇంటి యజమాని తనకు వచ్చిన అరబ్బీలో, రానిచోట హిందీలో చెప్పుకొచ్చాడు. నేను అక్కడక్కడ అందుకున్నాను. ముసలాయన అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"ఆదివారం ఆఫీసు ఎందుకు మూస్తారు?"

"మా దేశంలో సెలవు."

"మరి శుక్రవారం?"

"శుక్రవారం తెరుస్తారు."

ముసలాయన చాలాసేపు నవ్వాడు. నవ్వి, సమస్య తీరిపోయినట్టే చేయి ఊపాడు. "అయితే శుక్రవారం సంతకాలు పెట్టండి. శుక్రవారం మంచిరోజు. ఖలాస్."

మాకూ శుక్రవారం మంచిరోజే. కొనేవారికి ఇంకా మంచిది. లక్ష్మీదేవికి ఇష్టమైన వారం ఇల్లు చేతికి రావడం కంటె కావలసినదేమున్నది? ఆమె ముఖం వికసించింది. ఇంటి యజమాని ముఖం మాత్రం ముడుచుకున్నది.

"శుక్రవారం పూట ఇల్లు చేత్తో ఎత్తి ఇవ్వలేనండి పంతులుగారూ. మా అమ్మ శుక్రవారం తోడుపెట్టడానికి మజ్జిగైనా ఎవరికీ పోసేది కాదండి" అన్నాడు.

"మీ అమ్మ ఏ వారమూ పోసేది కాదులే" అన్నది ఆమె. అతడు కాదనలేక నవ్వాడు.

కొనేవారికి శుక్రవారం ఇష్టం, అమ్మేవారికి కూడదు. ఈ ధర్మసూక్ష్మాన్ని అరబ్బీలో చెప్పగల శక్తి మాలో ఎవరికీ లేదు. నేను నా గురువారాన్ని బయటపెట్టాను. ముసలాయన ఈసారి నవ్వలేదు. తలపైకెత్తి గెలలవైపు చూపాడు. ఎండలు ముదురుతున్నాయి, గెలలు బరువెక్కి విరగకుండా మట్టలకు కట్టాలి, తోటలో చెట్లెక్కేవాడు ఇతడొక్కడే. మంగళవారం రావలసినవాడు శనివారం వస్తే అప్పటికి ఎన్ని గెలలు విరిగి నేలమీద ఉంటాయో చెప్పమన్నాడు. అతడు అన్నదానిలో అన్యాయమేమీ లేదు. ఆమె చేతిలోని కాఫీకప్పును చాప మీద పెట్టి, దానివంకే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు మేస్త్రి లేచాడు. చెట్టు మొదట్లో చుట్టిపెట్టి ఉన్న ఎక్కేతాటిని చేతిలోకి తీసుకొని తిప్పిచూశాడు. వీపుకు ఆనుకునేచోట వెడల్పైన పట్టీ, రెండువైపులా మోకు.

"గిది మా మోకే గద సార్" అన్నాడు నాతో. "మేం గీత పనోళ్ళం. మా తాత, మా నాయన ఈత చెట్లెక్కి కల్లు గీసిండ్రు. నేను గూడ పదిహేనేండ్లు ఎక్కిన. చెట్లు పోయినంకనే తాపీ పట్టిన."

"మేస్త్రీ, నీ వయసు..." అన్నాను.

"వయసు చెట్టుకు ఎర్కనా సార్?"

చెప్పులు విడిచాడు. కొత్త శుక్రవారపు చొక్కాను విప్పి జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చాడు. పట్టీని నడుముకు వేసి, మోకును చెట్టుచుట్టూ త్రిప్పి ముడివేసి, ఒకసారి వెనుకకు వాలి బరువు చూసుకున్నాడు. ఆ తరువాత అతడు ఎక్కాడనడం కంటె, చెట్టే అతణ్ణి మెల్లమెల్లగా పైకి అందిస్తున్నట్టుండినదనడం సత్యం. మోకు ఎగురవేయడం, పాదం మోపడం, మళ్ళీ మోకు ఎగురవేయడం. సిమెంటు బస్తాల నడుమ నేను ఎరిగిన మనిషి, మట్టల మధ్యకు చేరేసరికి మరొక మనిషి. పైన ఒక గెలను రెండుచేతులా ఒడిసిపట్టి, మట్టమీదికి వాల్చి, కట్టు కట్టాడు. క్రిందికి చూసి, కఫీల్‌ను ఉద్దేశించి హిందీలో, "ఠీక్ హై, బాబా?" అన్నాడు.

ముసలాయన చేయి అడ్డం పెట్టుకొని పైకి చూస్తూనే ఉన్నాడు. కొంతసేపటికి, "దిగమను, దిగమను. బాగానే కట్టాడు" అన్నాడు.

మేస్త్రి దిగివచ్చాడు. రొమ్మంతా గీరుకొనిపోయింది, ముఖం మాత్రం పండుగ నాటి ముఖం. ఆ నాలుగు రోజులూ డ్యూటీ దిగినంక పొద్దుమూకే లోపల వచ్చి గెలలు కడతానన్నాడు, శుక్రవారం నాడు పొద్దంతా ఉంటానన్నాడు. కూలి ఎంతని కఫీల్ అడిగితే, "ఏం వద్దు. గీ నాలుగు దినాలు చెట్టెక్కనియ్యి, చాలు" అన్నాడు. ఇంటి యజమాని ఆ మాటను అరబ్బీలోకి మార్చలేక అవస్థపడ్డాడు. కఫీల్‌కు అర్థమైనట్టే ఉన్నది. "శనివారం. తరువాత ఒక్కరోజు కూడా లేదు. యల్లా" అని లేచాడు.

ఇక కాగితం పని. గడువు మారిస్తే నోటిమాట చాలదు. అగ్రిమెంటు వెనుకవైపు ఆ మార్పు వ్రాసి ఇరువురూ మళ్ళీ సంతకాలు చేయాలి. యజమాని విమానం టిక్కెట్టు కూడా ముందు మార్పించుకోవాలి గనుక, వ్రాతకు తరువాతి శుక్రవారం మా ఇంట్లో కూడుకున్నాము. టిక్కెట్టు మారింది. మేస్త్రి సాక్షిగా వచ్చాడు. నేను పాళీ కలంతో వ్రాశాను: పైన వ్రాసిన తేదీ ఇరుపక్షముల సమ్మతిచే వైశాఖ బహుళ విదియ, గురువారమునకు మార్చబడినది. గురువారము అన్న మాటను తక్కిన అక్షరాలకంటె పెద్దదిగా వ్రాసి, క్రింద రెండు గీతలు గీశాను.

"మూడో గీత గూడ గియ్యుండ్రి సార్" అన్నాడు మేస్త్రి.

యజమాని సంతకం చేశాడు. నేను అలవాటు చొప్పున సిరాపెట్టెను ఆమెవైపు జరిపాను. నా భార్య దానిని మళ్ళీ నావైపు జరిపింది.

ఆమె కలం తీసుకున్నది. కొంగుతో చేతిని తుడుచుకున్నది. మేమందరం కాగితం మీదికి వంగాము. మొదటి అక్షరం సాఫీగా వచ్చింది. రెండవదానికి కొమ్ము కాస్త పెద్దదయింది. మూడవదాని దగ్గర ఆగి, గాలిలో ఒకసారి వ్రాసుకొని, అప్పుడు కాగితం మీద పెట్టింది. నాలుగవది పూర్తయ్యేసరికి టీలన్నీ చల్లారిపోయాయి. అక్షరాలు నా గురువారంకంటె పెద్దవిగా, ఒకదానికొకటి ఎడంగా, ఎవరి జాగా వారు చూసుకొని కూర్చున్నట్టున్నాయి.

"ఎంతసేపే అక్కా, ఇల్లు ఈలోగా పాతబడిపోద్ది" అన్నాడు యజమాని.

"ఉండరా. ఇంకా దీర్ఘం తియ్యాలి" అన్నది ఆమె, తల ఎత్తకుండానే.

దీర్ఘం తీసింది. నా భార్య ఆ కాగితాన్ని ఊది ఆరబెట్టి, తిప్పి ముందువైపున వేలిముద్రను చూసి, మళ్ళీ వెనుకకు తిప్పి చూసుకున్నది. ఆ రోజు మా ఇంట్లో పాయసం ఎవరూ చేయమనకుండానే తయారైంది.

ఆమె సెలవు ముగించుకొని తిరిగివచ్చిన శుక్రవారం, మేస్త్రి కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. బుదైయాలో ఆ నాలుగు రోజుల పని ముగిసినా, కఫీల్ అతణ్ణి అప్పుడప్పుడు పిలిపిస్తూనే ఉన్నాడు. ఇతడూ పిలుపు కోసం చూస్తూనే ఉన్నాడు. ఆమె పూతరేకుల పొట్లం నా భార్యకిచ్చి, చుట్టగా చుట్టిన ఒక క్యాలెండరును నా చేతికిచ్చింది. మా దేశపు క్యాలెండరు. ఆదివారాలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"గిది సార్ కండ్ల ముందల్నే కట్టుండ్రి" అన్నాడు మేస్త్రి. కట్టాను. అది మా గోడకు మూడవ కాలమానమైంది.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ఆమెను చూడగానే సిరాపెట్టె తెరిచాడట. ఈమె, కలం ఇప్పించండి అన్నదట. అతడు వెతికి ఇచ్చేదాకా వెనుక వరుస అంతా ఆగిందట. యజమాని తాళంచెవులు అక్కడే చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే రైలెక్కాడు.

"మరి ఆ సాయంకాలం నీవేం చేశావమ్మా?" అని నా భార్య అడిగింది.

"ఏం చెయ్యలేదండి అమ్మగారూ. పిల్లలు పంపు కొట్టుకుంటా ఆడుకుంటంటే, నేనొచ్చి అరుగు మీద కూకున్నానండి. ఎవరైనా వచ్చి లెగమంటారేమోనని కాసేపు చూశానండి."

"ఎవరైనా వచ్చారా?"

"దీపాలెట్టేదాకా కూకున్నానండి. ఎవరూ రాలేదండి."